ఇసుక గుంతలో బావ బంతి

కుప్పం, 1979, ఆదివారం రాత్రి.

నిద్ర పట్టడం లేదు. పొద్దున కోలారు గనుల దగ్గర గోల్ఫ్ ఆడుతుంటే బావ బంతి ఇసుక గుంతలో అంచు కింద ఇరుక్కుంది. ఆడలేనన్నాడు. ఆ మాట అనే హక్కు ఆటగాడిదే. కానీ ఒక దెబ్బ జరిమానా వేసుకుని, రెండు గోల్ఫ్ కర్రల దూరం లోపల, హోలుకు దగ్గర కాకుండా, గుంతలోనే బంతి వదలాలి. నాకీ రూలు నేర్పిందే ఆయన. ఇవాళ మాత్రం కొలుస్తూ కొలుస్తూ బయట గడ్డి మీదికి వచ్చేశాడు.

"ఇసకలోనే గదా బావా వదలాల?" అన్నాను.

"ఏమప్పా, ఉత్త ఆటకి కూడా తగువు పెట్టుకుంటాండావా?" అని నవ్వాడు. నేనూ నవ్వేశాను.

రేపు పుంగనూరులో అన్నకూ నాకూ పొలం పంపకం. కొలతకు బావే ఉండాలని పట్టుబట్టింది నేనే. బావ కొలతలో మా పొలాల మధ్య గెనిమ గట్టు అన్న వైపుకి జరిగి నా పొలం పెరిగితే, అప్పుడూ నవ్వేస్తానా...