ముగ్గురి మాటలు

పైపుల దొరగారికి,

క్షేమంగా చేరామని ఫోన్లో చెప్పాను కదా, మళ్లీ ఈ కాగితం ఎందుకని నవ్వుకుంటున్నావేమో. నవ్వుకో. ఫోన్లో నీతో మాట్లాడుతుంటే పక్కనే రెండు చిన్న చెవులు రిక్కించుకుని ఉంటాయి. దాని సంగతి దాని ముందే ఎలా మాట్లాడను? అందుకని రాసి, ఫోటో తీసి పంపిస్తున్నాను. చదివాక చించెయ్యి అనడానికి కూడా వీల్లేని ఉత్తరం ఇది.

ముందు నువ్వు అప్పజెప్పిన పని, ఇల్లు వెతకడం. నిన్న అన్నయ్య సెలవు పెట్టి మమ్మల్ని కారులో ఊరంతా తిప్పాడు. నేను పుట్టి పెరిగిన ఊరేనా ఇది? మనం దేశం వదిలి వెళ్లేనాటికి పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేని చోట మేడలు లేచి కూర్చున్నాయి. రోడ్డు మీద రోడ్డు, దాని మీద రైలు. ఆ రైలు మా నెత్తి మీంచి పోతుంటే కిటికీల్లో మనుషుల తలకాయలు కనబడుతున్నాయి. నేను మెడ విరిగేలా చూస్తుంటే అన్నయ్య, "నోట్లో ఈగ దూరుతుంది, మూసుకోవే" అన్నాడు.

తను మనకోసం ఎంచిన పేట చూపించాడు. చుట్టూ గోడ, గేటు, గేటుకి ఇద్దరు కాపలా. లోపల గడ్డి కూడా తల దువ్వుకున్నట్టు ఉంది. నువ్వు చెప్పినట్టే నీళ్లెక్కడినుంచి వస్తాయి, మురుగు ఎటు పోతుంది, వీధి వాలు ఎటుంది అన్నీ అడిగాను. ఇళ్లు చూపించేవాడు బిత్తరపోయి, "వంటగది చూపించమంటారు గానీ మురుగుకాలవ చూపించమన్నవాళ్లు మీరేనండీ" అన్నాడు. మా ఆయన పుణ్యమండీ అన్నాను. వాలు బాగుంది. నీ మనసుకి నచ్చే కాలవ.

అక్కడున్నవాళ్లంతా మనలాగే బయటి దేశాలనుంచి తిరిగొచ్చినవాళ్లేనట. పిల్లలు జారుడుబల్ల దగ్గర, వచ్చేటప్పుడు మూటగట్టుకొచ్చిన పరాయి భాషలోనే ఆడుకుంటున్నారు. మన వసపిట్ట నా చున్నీ అంచు పట్టుకుని నిలబడింది. ఇంట్లో చెవుల తుప్పు వదలగొట్టే పిల్ల, గడప దాటితే మూగనోము. అక్కడా అంతే, ఇక్కడా అంతే. ఆరేళ్లొచ్చాయి. బయట ఒక్క మాట, ఏ భాషలోనూ, ఒక్కటంటే ఒక్క మాట లేదు.

అక్కడి మాట్లాడని పిల్లల బడివాళ్లు సీటిస్తామన్నారు, నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి. అవునంటే నువ్వు అక్కడే ఉద్యోగం పొడిగించుకోవాలి, ఊరికి రావడమన్న మాట అటకెక్కించాలి. కాదనాలంటే ఇక్కడ ఇది నోరు విప్పుతుందన్న ఆశ కాస్తయినా కనబడాలి. నేను చూడొచ్చింది పేటల్ని కాదు, ఆ ఆశని. నీకూ తెలుసు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. దాని గొంతు ఆరుబయట ఎలా ఉంటుందో నాకు తెలియదు. కన్నతల్లిని, నాకే తెలియదు. పార్కులో తక్కిన తల్లులు "అబ్బా, అరవకు" అని పిల్లల్ని కసురుకుంటుంటే నేను ఈర్ష్యగా వాళ్లనే చూస్తుండేదాన్ని. నా పిల్లని అరవకు అని కసిరే రోజు ఎప్పుడొస్తుందా అని ఏడ్చుకున్నాను. నువ్వు ఎక్కడ బెంగపెట్టుకుంటావోనని పైకి అనలేదు.

ఇక్కడికొచ్చినప్పటినుంచి ఒక వింత చూస్తున్నాను. ఎవరు మాట్లాడినా వాళ్ల నోటి వంకే చూస్తోంది. టాక్సీ అతను, పాలు పోసే ఆవిడ, వదిన, అందరి నోళ్లూ. భయమో ఏమో తెలియడం లేదు. వదిన బిస్కెట్లు పెడితే ముట్టుకోకుండా, తీసుకోమన్నారా అన్నట్టు నా మొహం చూసింది. ఎవరి వస్తువూ అడక్కుండా తాకదుగా. వదిన మురిసిపోయి, "మా వానరాలకీ కాస్త నేర్పమ్మా" అంది.

నీ
కత్తెర

*

దొరా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు నలిపేశాను. గుడ్డ మీద సుద్దగీత తడబడని చెయ్యి, కాగితం మీద తడబడుతోంది.

ఇవాళ ఆసుపత్రి దగ్గరి పేట చూడ్డానికి వెళ్లాం. మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్న ముసలావిడ వసపిట్టని చూసి, "ఎవరి పిల్లవే నువ్వు? ఎండలో ఎందుకే నిలబడతావు, రా, ఇలా వచ్చి కూర్చో" అంది. ఎంత ముద్దుగా పిలిచిందో! ఇది తెల్లబోయి, నన్ను లాక్కుంటూ కారు దగ్గరికి వచ్చేసింది. అన్నయ్యవాళ్లింటికి వచ్చాక, నన్ను గదిలోకి తీసుకెళ్లి, తలుపు మూసి, మూసుకుందో లేదో తోసి చూసి, అప్పుడు అడిగింది.

"అమ్మా, మన మాటలు ఆవిడకెవరిచ్చారు?"

"మన మాటలేంటే?"

"మనింట్లో మాటలు. టాక్సీ అంకుల్ దగ్గరా ఉన్నాయి. అత్తయ్య దగ్గరా ఉన్నాయి. రోడ్డు మీద అందరి దగ్గరా ఉన్నాయి. నువ్విచ్చావా? నాన్నిచ్చాడా?"

నా ఒళ్లు ఝల్లుమంది. దాన్ని మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆలోచించు. అక్కడ మనకి మనవాళ్లన్నవాళ్లెవరున్నారు? గడప లోపల ఒక భాష, గడప బయట ఇంకో భాష. మా అన్నయ్య ఫోన్లో మాట్లాడితే, దాని లెక్కలో ఆయన మనింటి ఫోన్లో ఉండే మామయ్య. కథల పుస్తకాలంటావా, అవి నా నోట్లోంచి వచ్చినవే. ఒకానొక రోజు నువ్వూ నేనూ తీరిగ్గా కూర్చుని పాలకి పాలని, నిద్రకి నిద్రని, చందమామకి చందమామని పేర్లు పెట్టామనుకుంది. ఇంత పెద్ద భాషని, తన ఒంటి కొలతకి కుట్టిన గౌనులా తొడుక్కుని తిరిగింది ఇన్నాళ్లూ. దేశం కాని దేశంలో, ముగ్గురే మనుషులున్న భాషలో బతికింది. నాకు నవ్వు రాలేదు. ఏదో కొండ ముందు నిలబడ్డట్టు అనిపించింది.

ఎగిరి గంతేస్తుందనుకుని చెప్పాను. "ఇవి అందరివీనే పిచ్చితల్లీ. కోట్లమంది మాట్లాడతారు. మా అమ్మమ్మకి వాళ్లమ్మమ్మ చెప్పింది, ఆవిడకి ఇంకెవరో చెప్పారు" అన్నాను. దాని మొహం చూడాల్సింది. దీపం ఆర్పినట్టయింది.

"అయితే మనవి కావా?"

అంతే. అదే చివరి మాట. నీతో ఫోన్లో మాట్లాడకపోతే నిద్రొస్తోందని బొంకాను, క్షమించు. నిద్ర కాదు. ఇప్పుడు ఇంట్లో కూడా నోరు మూసుకుంది. నాతో కూడా. మంచినీళ్లు కావాలంటే గ్లాసు చూపిస్తోంది. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది అన్నట్టయింది నా పని. ఉన్న ఒక్క ఇంటిగొంతునీ ఈ ఊరికి తెచ్చి పోగొట్టానా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

రెండు రోజులు చూస్తాను. ఇలాగే ఉంటే బడివాళ్లకి అవునని చెప్పెయ్. ఊరు ఎక్కడికీ పోదు.

నీ
కత్తెర

*

పైపుల దొరా,

బడివాళ్లకి ఏమీ చెప్పకు! చెప్పలేదు కదా? చెప్పి ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి మా ఆవిడకి మతి చలించిందని చెప్పు.

నిన్న పేటలు చూసే ఓపిక లేక, ప్రయాణంలో పదును పోయిన నా కత్తెర సానబెట్టిద్దామని బయల్దేరాను. అన్నయ్య, "పాతబజారు వెనక పనివాళ్ల వీధి ఉంది, కానీ నువ్వు నిలబడలేవు, రొద" అన్నాడు. ఇదీ వెంట వచ్చింది, మూతి బిగించుకుని.

ఆ వీధిని ఏమని చెప్పను! ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒరగాలి. ఒకవైపు తాళాలు చేసేవాళ్లు, సైకిళ్లు బాగుచేసేవాళ్లు, ఇంకోవైపు పరుపులు కుట్టేవాళ్లు. గాలిలో దూది తేలుతోంది. ఒక్కో కొట్టులోంచి ఒక్కో చప్పుడు, వాటి మీదుగా మనుషుల కేకలు. పైన బాల్కనీలోంచి ఒకావిడ, ఎదుటి బాల్కనీలో ఆవిడతో నిన్నటి తగువే ఇవాళ కొనసాగిస్తోంది. వీధి మధ్యలో పిల్లలు ముట్టుకునే ఆట ఆడుతున్నారు. సానవాడి చక్రం మీద నా కత్తెర నిప్పులు చిమ్ముతోంది, నేను అది చూస్తున్నాను.

అప్పుడు రెండు జడల పిల్ల ఒకతి నడుం మీద చేతులేసుకుని అరిచింది. "తొండి! తొండి! నిన్ను ముట్టుకున్నాను, నువ్వు ఔటే! తొండి చేస్తున్నావు!"

నా చున్నీ అంచు వదులైంది.

"తొండి అంటే ఏంటి?"

ఎవరా అడిగిందని చుట్టూ చూశాను. నిజంగా, నీ మీదొట్టు, వెనక్కి తిరిగి మరీ చూశాను. ఆ గొంతు నాకు తెలియదు. తర్వాత కిందకి చూశాను.

రెండు జడల పిల్ల ఆగి, "తొండి తెలీదా? ఏ ఊరే నీది?" అంది.

"తెలీదు. మా ఇంట్లో ఆ మాట లేదు."

"తొండంటే... అదిగో, వాడు చేసేదే తొండి. ఔటయినా కాలేదంటాడు. ఆడితే తెలుస్తుంది, వస్తావా?"

ఇది నా వంక చూసింది, వెళ్లనా అన్నట్టు. తల ఊపానో లేదో నాకు గుర్తు లేదు. ఊపే ఉంటాను, ఎందుకంటే అది వాళ్లలో కలిసిపోయింది. కాసేపటికి ఆ పిల్లవాడెవడో ఔటై కూడా మళ్లీ కాలేదనబోతే, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, "తొండీ!" అని ఒక్క కేక. అది ఎదుటి మేడ గోడకి తగిలి తిరిగొచ్చింది. బాల్కనీల్లో తగువు ఆగింది. దూది ఏకే అతను చెయ్యాపి చూశాడు. మనింట్లో మనకి తెలిసిన గొంతు దాన్లో పావు వంతు కూడా కాదు. ఇంత గొంతు ఆ చిన్న గొంతుకలో ఎక్కడ దాచుకుందీ! ఎవరో గుప్పిట్లోంచి ఆకాశాన్ని తీసి చూపించినట్టు అయింది నాకు.

నేను ఏడుస్తుంటే సానవాడు కంగారుపడి, "కత్తెరకేం కాలేదమ్మా, బాగానే వచ్చింది, కావాలంటే కోసి చూడండి" అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు.

రాత్రంతా దీని గురించే ఆలోచించాను. ముగ్గురమే ఉన్న ఇంట్లో తొండి అన్న మాట ఎక్కడినుంచి వస్తుంది? మనం దాంతో ఆడితే మనమే ఓడిపోయేవాళ్లం, అది ఎప్పుడూ గెలిచేది. తొండి అనాలంటే తోటి పిల్లలుండాలి, తగువుండాలి, వీధి ఉండాలి. అన్ని మాటలూ ఇచ్చామనుకున్నాం. ఇవ్వలేనివి ఇన్ని ఉన్నాయని ఇప్పుడు తెలిసింది.

పరుపులు కుట్టే కొట్టు పైన రెండు గదుల వాటా ఖాళీగా ఉంది. మెట్లు ఇరుకు. వానొస్తే వీధి మొదట్లో నీళ్లు నిలబడతాయట, వాలు నువ్వు కోరినదానికి సరిగ్గా తిరగబడి ఉంది. నువ్వడిగిన వాటిలో ఒక్కటీ లేదు. అన్నయ్య తల పట్టుకున్నాడు. "బావగారు నన్ను చంపేస్తారే" అంటున్నాడు. నేను ఊ అనేశాను. నువ్వు తర్వాత అను. నీళ్లు నిలిస్తే ఏం, పైపుల దొర ఇంట్లో ఉంటాడుగా.

అన్నట్టు, సాయంత్రం నేనే స్వయంగా, "అబ్బా, ఎందుకే అలా అరుస్తావు" అని కసిరాను. కసిరి, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నీ
కత్తెర

*

నాన్నా,

నేను చెప్తుంటే అమ్మ రాస్తోంది. ఒక్క ముక్క కూడా మార్చకూడదని ఒట్టు వేయించుకున్నాను.

నువ్వు నిన్న ఫోన్లో, బయట మాట్లాడాలంటే నీకు ఎందుకమ్మా అంత భయం అని అడిగావు కదా. నాకు భయం లేదు. అక్కడ బడిలో మాటలు టీచరువి, వాళ్ల పిల్లలవి. ఎవరి వస్తువులూ అడక్కుండా తీసుకోకూడదని నువ్వే చెప్పావు. అడుగుదామంటే అడగడానికి కూడా వాళ్ల మాటలే కావాలి. మరి ఎలా అడగను? అందుకని ఊరుకున్నాను. మన మాటలేమో మన ముగ్గురి దగ్గరే ఉన్నాయి. బయటికి తీసుకెళ్తే ఎక్కడైనా పడిపోతాయని ఇంట్లోనే ఉంచాను.

అమ్మ రాయడం ఆపి ఏడుస్తోంది. ఎందుకో చెప్పట్లేదు. ఇప్పుడు మళ్లీ రాస్తోంది.

తొండి మాట రెండు జడల అక్క ఇచ్చింది. ఇచ్చేస్తే నీ దగ్గర అయిపోతుంది కదా అని అడిగాను. నవ్వింది. అయిపోదంట. ఎంతమందికిచ్చినా ఉంటుందంట. నేను పరీక్ష చేశాను. తాళాల తాతకిచ్చాను, ఆయన దగ్గర ముందే ఉంది. తర్వాత నా దగ్గర చూసుకున్నాను, ఇంకా ఉంది. అయితే మనవి మనవే, వాళ్లవి కూడా. అమ్మ ఈ సంగతి సరిగ్గా చెప్పలేదు.

నువ్వు మాత్రం అక్కడ ఒక్కడివే ఉన్నావు. మన మాటలు మాట్లాడటానికి నీకెవరూ లేరు. మేం వచ్చేశాక ఇల్లు నిశ్శబ్దంగా ఉందా? మేం ఫోన్ చేసేదాకా గోడతో అయినా మాట్లాడుతూ ఉండు. ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తావేమోనని మామయ్య అన్నాడు. నీకు తొండి అంటే తెలుసా నాన్నా? వస్తానని చెప్పి రాకపోవడం. నువ్వు రాకపోతే వీధి మధ్యలో నిలబడి అరుస్తాను. నా గొంతు చాలా పెద్దది, అమ్మనడుగు.

నీ
వసపిట్ట