శ్యామల కొట్టని డప్పు

మార్చి 2008, శనివారం రాత్రి, వనపర్తి

అందరూ నవ్వినా ఇంత కోపం వచ్చేది కాదు. చప్పట్లు కొట్టారు.

వికలాంగుల బడిలో చదివే పదేళ్ల శ్యామల కోసమే మూడు వారాలు కూర్చుని ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాశాను. ఆమె కుడిచెయ్యి నెమ్మదిగా రెండు వేళ్ల ఎత్తు లేస్తుంది, అంతే. ఆ కదలికను వెబ్‌కెమెరా పట్టుకుంటే కంప్యూటర్‌లో డప్పు మోగాలి.

ఈరోజు శ్యామల చెయ్యి ఎత్తింది. మోగలేదు. మళ్లీ ఎత్తింది. పాపం, నుదుటి మీద చెమట పట్టింది. చిన్న కదలికకూ మోగేలా సెట్టింగు మారిస్తే ఫ్యాను రెక్కలకే దడదడా మోగింది. ఫ్యాను ఆపితే కిటికీ పరదా ఊగినప్పుడల్లా మోగింది. మోగనిది నెమ్మదిగా లేచే శ్యామల చేతికే.

చివరికి వాళ్లమ్మ లేచి వచ్చింది. "జర ఆగు సార్, గిట్ల కాదు," అంటూ బిడ్డ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. డప్పు మోగింది. టీచర్లంతా చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు నా భుజం తట్టాడు.

"మంచిగ కొట్టినవ్ బిడ్డా!" అంది వాళ్లమ్మ.

శ్యామల చెయ్యి విడిపించుకుంది. "నేనేడ కొట్టిన? కొట్టింది నువ్వు."

చప్పట్లు ఆగిపోయాయి. పిల్లకు తెలిసింది పెద్దవాళ్లకు తెలియలేదా? నేనైనా నోరు తెరిచి చెప్పానా?

కాసేపటికి శ్యామలే అడిగింది. "మంచిగ జేసి మల్ల తెస్తవా సార్?"

చేయగలనో లేదో నాకే తెలియదు. అయినా తల ఊపాను.

దానికీ మోగింది ఆ దిక్కుమాలిన డప్పు.