చుక్కను వేలం పాడిన ఆదివారం

నా బంగారు దెయ్యం డెబోరాకు,

తాత యెహోషువ రాసేది. ఫోనెత్తవు గదా, అందుకే ఈ కోడిగీతలు. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకో, మార్కులెయ్యబాక.

నీ రూములో పిల్ల షాహిస్తా నిన్న ఫోను చేసింది. పరీక్షల బెంగ పోయేదానికి మీ యూనివర్సిటీకి కుక్కల్ని తెచ్చినారంట, పిల్లకాయలు వరసలో నిలబడి నిమిరినారంట. నాకు నవ్వాగలా. మైపాడులో చేపల తట్టల కాడ కుక్కలు ఊరికే తిరగతన్నాయి, ఒక్కడూ వరస కట్టడు! ఫోను చేతిలో ఉండంగానే మీ అమ్మతో, "పుష్పా, నేను గూడా ఆడ చేరతా, నన్నెవరన్నా నిమరతారేమో" అన్నా. "నిన్ను చూస్తే కుక్కలకే బెంగ పట్టుకుంటది మామా" అన్నది.

షాహిస్తా మాత్రం నవ్వలా. "తాతా, పక్కకొచ్చి వినండి" అన్నది.

కుక్కను ఒళ్ళో పెట్టుకొని నువ్వు వదల్లేదంట, ఏడ్చి దాని బొచ్చంతా తడిపినావంట. మేడమ్ అడిగితే, "మా ఇంట్లో మేకుంది. నేను పాసైతే దాన్ని కోస్తారు" అన్నావంట. అన్నం ముట్టడం లేదంట. పరీక్షలో తెల్లకాయితం ఇచ్చొస్తానన్నావంట.

నువ్వు పాసైతే మన మేక చుక్కను చర్చి వేలానికిస్తానని మీ అమ్మ మొక్కుకున్నప్పుడు నువ్వు తలూపినావు గదమ్మా. వేలంలో పాడుకున్నోళ్ళు మేకను ముద్దాడుకోరని నీకు తెలుసు. తల్లి చచ్చిపోయిన దాన్ని సీసాపాలు పట్టి పెంచింది నువ్వు. కానీ ప్రతి ఆదివారం పాస్టరుగారు నీ పేరెత్తి ప్రార్థన చేస్తంటే, ఊరంతా ఆమెన్ అంటంటే, వద్దనేదానికి నీకు నోరెట్లా వస్తది?

ఈ ఆదివారం చర్చిలో కోత పండగ, కానుకలన్నీ వేలమేసేది ఆరోజే. నాకో పనుంది. అమ్మకు చెప్పబాక. అంతదాకా రెండు ముద్దలు తిను తల్లీ.

నీ ముసలి కోతి,
యెహోషువ

*

అలిగిన నా రాణికి,

చుక్కను తోలుకొని చర్చికి పోయినా. మీ అమ్మ ఆడోళ్ళ వరసలోంచి కళ్ళురిమి చూసింది. పాస్టరు మాథ్యూగారు, "పాసైనాక గదా తాతా ఇయ్యాల్సింది?" అన్నాడు.

"పాసుకు కాదు అయ్యగారూ, ఆ బిడ్డ పుట్టినందుకు. దేవుడు నాకు మనవరాలినిచ్చేటప్పుడు మార్కులడగలా. ఈ మేక కోసం ఏడ్చి ఏడ్చి అది అన్నం మానేసింది. మొక్కు ఇయ్యాల్టితో తీరింది. ఇంక నా బిడ్డ నెత్తిన ఏ మొక్కూ లేదు" అన్నా.

ఈలోగా చుక్క, పాస్టరుగారు ప్రసంగం రాసుకున్న కాయితం నమిలింది. ప్రసంగం లేక ఆరోజు మాకు తొందరగా విడుదలైంది, ఊరంతా నీ మేకను దీవించినారు.

వేలంలో మటన్ కొట్టు జడ్సన్ పాడినాడు. నేను పాట పెంచినా. వాడు ఆగిపోయినాడు. ఇంక మనదే అనుకుంటే, వెనకనుంచి ఇంకో గొంతు పెంచింది. ఒళ్ళు మండి మళ్ళీ పెంచినా. ఆ గొంతూ తగ్గలా. ఎవురా అని తిరిగి చూస్తే మీ అమ్మ! కొంగుతో ముక్కు తుడుచుకుంటా పాడతంది. "ఒకే ఇంట్లో పోటీ ఏంది, పోయి ఇంట్లో కొట్టుకోండి!" అని జడ్సన్ ఒకటే నవ్వు.

నేను నోరు మూసుకున్నా. మీ అమ్మే గెలిచింది.

దారిలో చుక్క తాడు నన్ను పట్టుకోనియ్యలా మీ అమ్మ. గడపలో కాలు పెడతా, "నాకు చెప్పేదానికి అంత భయపడిందా మామా?" అన్నది.

పరీక్ష రాస్తావో, బస్సెక్కి ఇంటికొస్తావో నీ ఇష్టం. రెండిటికీ ఆమెన్.

కింద మూల చిరిగింది చూడు, అది చుక్క సంతకం. దాని పక్కన తడిసింది మీ అమ్మది. నాది ఇది:

తాత యెహోషువ