మిషన్‌లో నా గొంతు

బెంగళూరు

క్రోసూరులో ఉన్న మా మీరాబీ అక్కకు, నీ తమ్ముడు మస్తాన్‌వలి సలాములు. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులుపడకు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే నేను ఎకసెక్కాలు మొదలుపెడతాను, నువ్వు నవ్వి పెట్టేస్తావు. ఇది నవ్వి పెట్టేసే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎప్పుడూ ముసురే. సాంబారులో బెల్లం వేస్తారు, అన్నంలో పోసుకుంటే పాయసం తిన్నట్టుంటుంది. పనికి మాత్రం లోటు లేదు. ఆఫీసుల్లో ప్రింటర్లు, జిరాక్స్ మిషన్లు, వేలు పెడితే హాజరు పడే మిషన్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం.

నా చేతులు ఊరికే ఉండవని నీకు తెలుసు. ఒక ఆఫీసులో హాజరు మిషన్ బిగించాను. వేలు కుదరకపోతే మళ్ళీ పెట్టమని ఇంగ్లీషులో మర్యాదగా చెబుతుందది. ఆ మర్యాద నాకు నచ్చలేదు. తీసేసి నా గొంతు ఎక్కించాను: "ఏందీ, ఎవరు నువ్వు? ఏ ఊరు మీది? పో, అవతలకి పో!" అక్కడి తెలుగు పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. మేనేజరుకు తెలుగు రాదు, అదేదో స్వాగతం అనుకున్నాడు.

పోయిన నెలలో మళ్ళీ పిలిచారు. ఆఫీసు ఊడ్చే కోటమ్మ వేలు మొదట్లో ఎట్లాగో పట్టిందట, తర్వాత పట్టడం లేదట. ఆమెది మాచర్ల అవతల పల్లె. హాజరు పడకపోతే నెలాఖరుకు వేరే మనిషిని పెట్టుకుంటామన్నాడు మేనేజరు. కార్డు ఇద్దామంటే, ఒకరి కార్డు ఇంకొకరు గీకుతారని ఒప్పుకోలేదు.

ఆమె నా ముందే బొటనవేలు పెట్టింది. మిషన్ నా గొంతుతో "ఎవరు నువ్వు? పో" అంది. రోజూ పొద్దున్నే, అందరి ముందూ, ఆ మాట ఆమె ఒక్కదానికే పడుతోంది అక్కా.

"చెయ్యి చూపించమ్మా" అన్నాను. వేళ్ళ మీద గీతలు అరిగి నున్నగా ఉన్నాయి.

"ఏం పని చేసేదానివి?"

"ఏముందయ్యా, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసేదాన్ని. ఇక్కడేమో ఫినాయిలు."

నీ చేతులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు తొడిమలు తీసొచ్చి నువ్వు ముద్ద పెడితే పెరుగన్నమైనా నోరు మండేది.

ఒక్కో వేలూ తుడిచి పెట్టించాను. పెట్టినప్పుడల్లా నా గొంతే కసిరింది. ఆఖరికి ఎడమచేతి చిటికెన వేలు పట్టింది. తొడిమ తీసేటప్పుడు దానికి పని ఉండదు కదా, అందుకే గీతలు మిగిలాయి.

"ఇంక నిన్ను కసరదులే, ఆ మాట తీసేస్తున్నా" అన్నాను.

ఆమె గబుక్కున అడ్డం వచ్చింది. "తియ్యమాకయ్యా. ఈడ తెలుగోళ్ళు చానామందే ఉన్నారు, నాతో మాట్టాడేవోళ్ళే లేరు. అది తిడితే మన వైపోళ్ళు తిట్టినట్టుండేది. నేనూ తిరిగి ఒకటి అనేదాన్ని."

"ఏమనేదానివి?"

"నీ గొంతేనంటగా అది! నీకు చెబితే ఏం బాగుంటది?"

నాకు సిగ్గేసింది. నాకే! నమ్ముతావా?

ఆ తిట్టు తీసేసి, వేలు కుదిరినప్పుడు పలికేచోట వేరేది ఎక్కించాను: "వచ్చావా అక్కా? అన్నం తిన్నావా?" మీసాల మేనేజరు వేలు పెట్టినా అక్కా అనే అంటుంది, ఆయన థాంక్యూ అంటాడు. కోటమ్మ మాత్రం "తిన్నాలేరా" అని లోపలికి పోతుంది. ఆమె పని నిలబడింది.

రేషన్ దగ్గర నీ బొటనవేలు పట్టకపోతే డీలరుతో తగాదా పెట్టుకోకు, చిటికెన వేలు పెట్టి చూడు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త గొడ్డుకారం పంపు. బావకూ, ఎదురింటి వెంకాయమ్మ పెద్దమ్మకూ నా సలాములు చెప్పు. నీ దువాలో నన్ను మర్చిపోకు.

నేను బాగానే ఉన్నానక్కా. కాకపోతే కోటమ్మ కోసం మిషన్‌లో ఎక్కించిన ఆ మాట, ఇక్కడ నన్ను అడిగేవాళ్ళు లేరు. జవాబు రాసేటప్పుడు ముందు అదే అడుగు.

ఇట్లు,
నీ నోటిదూల తమ్ముడు
మస్తాన్‌వలి