చివరి పేజీకి జరిగిన రిబ్బను

అమ్మా, వందనాలు. పొద్దున పుస్తకం తెరిస్తే, నలభయ్యో పేజీలో నేను పెట్టుకున్న రిబ్బను చివరి పేజీలో ఉంది. ఈ టోంగా ద్వీపంలో చర్చి వాళ్లు నన్ను ఉంచిన ఇంటావిడ, మెలె ఆంటీ పనే అది. "అయిపోయింది కదమ్మా, ఇక మాతో వచ్చి కూర్చో" అని నవ్వుతోంది.

ఇక్కడ ఒక్కతే కూర్చుని చదువుకునే మనిషిని చూస్తే, ఒంట్లో బాగాలేదనో, అలిగిందనో అనుకుంటారు. వెంటనే ఎవరినో ఒకరిని తోడు పంపుతారు. వచ్చినవాళ్లు ఊరికే నా మొహం చూస్తూ కూర్చుంటారు. "దయ్యంలా ఆ మూలేంటే, బయటికి రా" అని నువ్వు అరిచినా, మనింట్లో వేసుకోవడానికి తలుపైనా ఉండేది. ఇక్కడ తలుపు బదులు చాపే అడ్డం. ప్రాణం విసిగిపోతోంది.

మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన చేయమని నన్ను నిలబెట్టారు. రెండు మాటలకే ప్రార్థన మర్చిపోయాను. ఆంటీ చటుక్కున పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. నేను మధ్యలో ఆగిపోయానని ఎవరికీ తెలియలేదు.

నన్ను హాస్టల్‌కు మార్చమని మన పాస్టరు గారు ఇక్కడి చర్చికి ఫోన్ చేశారట, కృతజ్ఞతలు చెప్పు. నాన్న ఆటోనగర్ నుంచి భోజనానికి వేళకు వస్తున్నారా? నా పుస్తకాల బీరువా తాళం పక్కింటి శ్రీదుర్గకు ఇవ్వొద్దు, పేజీలు మడుస్తుంది. ఆవకాయ పంపకు, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. నానమ్మకు నా వందనాలు.

నీ సుహాసిని

హాస్టల్లో గది సోమవారమే ఇచ్చారు. ఈరోజు శుక్రవారం, నేనింకా మెలె ఆంటీ ఇంట్లోనే ఉన్నాను.