కొనుక్కున్న షీల్డు

శుక్రవారం, వంటిల్లు సర్దాక

అవార్డులిచ్చే కంపెనీ నుంచి పొద్దున మళ్ళీ ఫోన్ వచ్చింది. నిరుడు నలభై వేలు కట్టి తెచ్చుకున్న "ఉత్తమ చిన్న పరిశ్రమ" షీల్డుకు ఈసారి యాభై వేలట. రేపటిలోగా చెప్పాలట. ఆయన కట్టేద్దామన్నారు.

ఈ ఏడాది కొత్తగా ఆర్డర్లిచ్చినవాళ్ళు ఇద్దరే. మా సంగతి ఎలా తెలిసిందని ఇద్దరినీ ఫోన్లో అడిగాను. ఒకరికి పాత కస్టమరు చెప్పాడట. ఇంకొకరు మేట్టుపాళయంలో మా అట్టపెట్టెల యూనిట్ బోర్డు చూసి లోపలికి వచ్చారట. షీల్డు గురించి ఇద్దరికీ తెలియదు. ఆ మాటే చెబితే ఆయన, "గోడ మీద ఉంటే ఒక మర్యాద గదే. అంతా లెక్క చూస్తే ఎట్ల?" అన్నారు.

మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని యూనిట్‌కి వెళ్ళాను. అట్టపెట్టెలు అతికించే దేవకి షీల్డు తుడుస్తోంది.

"అక్కా, మన పని బాగుండాదని వాళ్ళకెట్ల తెలిసె? యాడ నుంచి వచ్చి చూసినారు? ఆ దినం నేను లీవులో ఉంటినా ఏంది?"

"ఉంటివేమో," అన్నాను.

"ఈ తూరి వచ్చేటప్పుడు ముందే చెప్పక్కా. లీవు పెట్టను."

రాత్రి ఆయనకు ఇదంతా చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ, "రేపు నువ్వే ఫోన్ చేసి వద్దని చెప్పేయి," అన్నారు.

చెప్పేస్తాను. దేవకికి ఏం చెప్పాలో మాత్రం ఇద్దరం మాట్లాడుకోలేదు.