చదువురాని నాన్న

ఇత్సెల్,

భోజనాల దగ్గర నోరు తెరిస్తే అరుస్తాను. అందుకే ఈ ఉత్తరం రాసి నీ కారు సీటు మీద పెడుతున్నాను.

యూనివర్సిటీలో సీటు కోసం పంపబోయే నీ వ్యాసం ప్రింటర్‌లో దొరికింది. "మా నాన్నకు చదువు రాదు. ఇంటి కాగితాలన్నీ నేనే చూడాల్సి రావడంతో కాలేజీలో రెండు ఎఫ్‌లు వచ్చాయి" అని రాశావు.

ఏ కాగితం చూశావు నువ్వు? ట్రాక్టర్‌తో పాటు వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని ఇంగ్లిష్ నేర్చుకున్నవాణ్ణి. బాదం తోటలో ఏ వరసకు ఏ రోజు నీళ్లు పెట్టానో ఇరవై రెండేళ్లుగా రాసుకుంటున్నాను.

కెమిస్ట్రీ, లెక్కలు కష్టమై క్లాసులు మానేశావు. వెళ్లకపోతే కాలేజీవాళ్లే పేరు కొట్టేస్తారనుకున్నావు. మానుకుంటున్నామని ఫారం ఇవ్వాలని, లేకపోతే ఎఫ్ వేసి ఫెయిల్ చేస్తారని మన ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. అది రాయి. మరుసటి ఏడు ఆ రెండు క్లాసుల్లోనూ మళ్లీ కూర్చుని 'ఎ' గ్రేడు తెచ్చుకున్నావు. దాని గురించి ఒక్క ముక్క లేదేం?

"జాలిపడేలా రాయవే పిల్లా, సీటు అదే వస్తుంది" అందట మీ కాలేజీ కౌన్సెలర్. ఆవిడ నన్నెప్పుడు చూసింది?

గడువు సోమవారం. ఆ పేరా తీసేసి పంపు.

తీయనంటావా, నీ ఇష్టం. కానీ చదువు రానివాడు అనడానికి నువ్వు రాసిన 'ఇల్లిటరేట్' అన్న ఇంగ్లిష్ మాటలో రెండు ఎల్‌లు ఉండాలి. ఒకటే పెట్టావు. పెన్సిల్‌తో దిద్దాను.

నాన్న